చేబదులా, ప్రోనోటా?

“చేబదులుకి ప్రోనోటు రాయించుకునేవాణ్ణి ఎక్కడన్నా చూశావురా?” అన్నాడు మామ.

“చేబదులంటే ఎంత మామా? ఐదొందలు, వెయ్యి. ఐదు లక్షల మోటారు చేబదులిస్తావా నువ్వు?” అన్నాడు అల్లుడు.

భద్రాచలం కరకట్ట మీద, జూన్ మొదటి వారంలో, ఎండ తగ్గాక మొదలైన మాట ఇది. వాళ్లిద్దరూ మేనమామ, మేనల్లుడు. మామ 1984లో నీళ్ల పంపుల దగ్గర ఆపరేటరుగా చేరి 2018లో రిటైరయ్యాడు. అల్లుడు ఖమ్మం వైపు ఒక మున్సిపాలిటీలో ఇంజనీరు. ఏ ఊరో రాయొద్దన్నాడు, రాయను. నేను అల్లుడితో కలిసి రామయ్య దర్శనానికి వచ్చినవాణ్ణి. దర్శనం గంటలో అయిపోయింది. వీళ్ల వాదన టీ కొట్టు కట్టేసేదాకా సాగింది.

గొడవ దేని మీదంటే, వరదకు ఒక ఊరి పంపులు మునిగి, మురుగు కాలవలు పొంగి, తాగే నీళ్లకు కటకటైనప్పుడు పక్క ఊరి నీళ్లవాళ్లు మోటార్లు, ట్యాంకర్లు, మనుషుల్ని వేసుకుని వస్తారు కదా, ఆ సాయాన్ని ముందే కాయితం మీద రాసుకోవాలా, అక్కర్లేదా? రాసుకోవాలని అల్లుడు. ఎవరు ఏం పంపాలి, డీజిల్ ఎవరిది, బత్తా ఎవరిది అని నాలుగు పేజీల ముసాయిదా కూడా తయారు చేసుకున్నాడు. మామకు ఆ కాయితం పేరెత్తితేనే మంట.

“రాసుకుంటే పోయేదేముంది మామా?”

“రాసుకుంటే, రాయనిది చెయ్యరు. అదీ పోయేది. ఇప్పుడు ఎవడన్నా ఫోన్ చేసి ‘అన్నా, మునిగిపోతున్నాం’ అంటే బండెక్కుతున్నారు. నీ కాయితం వచ్చాక, ‘ఆగు, ఇది ఎన్నో నంబరు షరతు కిందికి వస్తదో చూసి చెప్తా’ అంటారు. నాకు తెలీదా ఆఫీసులు?”

నాకు మామ మాటే నిజమనిపించింది. ఆఫీసుల భాషలో ‘సమన్వయం’ అన్న మాట వినబడినప్పుడల్లా నేను జాగ్రత్తపడతాను. నలుగురి మీద పెట్టిన పని నలుగురూ మిగతా ముగ్గురి మీద వదిలేస్తారు.

అల్లుడు ఊరుకోలేదు. వేలితో అరుగు మీద రెండు గీతలు గీశాడు. ఒకటి గోదావరి, ఒకటి మున్నేరు.

“చూడు. గోదావరికి నీళ్లు ప్రాణహిత నుంచి, ఇంద్రావతి నుంచి రావాలి. మహారాష్ట్రలో, బస్తరు అడవుల్లో వాన పడితే ఆ నీళ్లు ఇక్కడికి చేరేసరికి నీకు ఒకటి రెండు రోజుల టైముంటది. మున్నేరు అట్లా కాదు. మహబూబాబాద్ వైపు రాత్రి కుండపోత పడితే తెల్లారేసరికి ఖమ్మంలో మంచాల కింద ఉంటది. అది పోయి కలిసేది కృష్ణలో. రెండు ఊళ్లు, రెండు నదులు. 2022 జులై 16న ఇక్కడ 71.3 అడుగులొచ్చింది, ఆ రోజు ఖమ్మం ఖమ్మంలాగే ఉంది. 2024 సెప్టెంబరు 1, ఆదివారం, మున్నేరు 36 అడుగులెక్కింది. ప్రకాశ్‌నగర్, బొక్కలగడ్డ, కరుణగిరి, అన్నీ నీళ్లలోనే. ఆ రోజు మీకు ఇక్కడ ముంపు భయం లేదు. ఒకడు మునిగినప్పుడు ఇంకొకడు గట్టు మీదుంటున్నాడు. ఇంతకంటే జత ఊళ్లు ఎక్కడ దొరుకుతయ్?”

మామ టీ గ్లాసు కింద పెట్టాడు. “మరి 2023?”

అల్లుడు మాట్లాడలేదు.

“జులై 27న మీ మున్నేరు 30 అడుగులు దాటింది. 29న ఇక్కడ 56 అడుగులు. రెండు రోజులే తేడా. అప్పుడు ఎవడు ఎవడికి పంపాలిరా? ఇక 2024 సంగతి నువ్వే తెచ్చావు గనక చెప్తున్నా. ఖమ్మానికి దగ్గరున్న పెద్ద ఊరు బెజవాడ. అదే ఆదివారం బుడమేరు తెగి సింగ్‌నగర్ మునిగింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ మీద 11.43 లక్షల క్యూసెక్కులు పోయింది, అందులో మీ మున్నేరు నీళ్లూ ఉన్నయ్. ఒకే మేఘం ఇద్దర్నీ ముంచింది. నీ కాయితం మేఘానికి చూపిస్తావా?”

ఈ దెబ్బ గట్టిదే. అల్లుడు కాసేపు గోదావరి వైపు చూశాడు. జూన్‌లో అక్కడ చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు. ఇసుక తిన్నెలు, మధ్యలో పాయ, అవతల సారపాక మిల్లు పొగగొట్టం.

“అందుకే ఒక్కడితో రాసుకోకూడదు,” అన్నాడు చివరికి. “దగ్గరవాడొకడు, దూరంవాడొకడు ఉండాలి. నిజామాబాదు మునిగిన రోజే ఖమ్మం మునగడం అరుదు. అమెరికాలో చేసింది అదే. ఇద్దరి మధ్య ఒప్పందాలు పెట్టుకోలేదు, రాష్ట్రమంతా ఒక్కటే ఒప్పందం. నీళ్ల సంస్థ, మురుగునీటి సంస్థ ఏదైనా సరే, ఒక్కసారి సంతకం పెడితే వలలో చేరినట్టే.”

దీని గురించి అతను దారిలో బస్సులో నాకు చాలా చెప్పాడు, ఇక్కడ మామకూ మళ్లీ చెప్పాడు. కాలిఫోర్నియాలో 1989లో భూకంపం వచ్చింది. 1991లో ఓక్లండ్ కొండల మీద మంటలు రేగి వేల ఇళ్లు కాలిపోయాయి. సాయానికి పక్క ఊళ్ల ఫైరింజన్లు పరుగెత్తుకొచ్చాయి. తీరా చూస్తే ఓక్లండ్‌లో నీళ్లు పట్టుకునే హైడ్రెంట్ల మూతులు మూడంగుళాలవి, వచ్చినవాళ్ల గొట్టాలు రెండున్నర అంగుళాలవి. అతికించే ముక్క లేని బండ్లు నీళ్ల పక్కనే నిలబడి కూడా నీళ్లు పట్టుకోలేకపోయాయి. అమెరికాకు ఇది కొత్త కూడా కాదు. 1904లో బాల్టిమోర్ తగలబడినప్పుడు న్యూయార్కు నుంచీ వాషింగ్టన్ నుంచీ వచ్చినవాళ్లకు ఇదే గతి పట్టింది. ఓక్లండ్ మంటల తర్వాత కాలిఫోర్నియా నీళ్లవాళ్లు తమలో తాము ఒక వల అల్లుకున్నారు. ‘వార్న్’ అంటారు దాన్ని. 2000లో ఫ్లోరిడా అల్లుకుంది. 2005లో కత్రినా తుపాను వచ్చి న్యూ ఆర్లియన్స్‌ను ముంచాక దాదాపు దేశమంతా అల్లుకుంది.

అందులో షరతులు ఎక్కువేం లేవు. అడిగినవాడు ఖర్చు పెట్టుకోవాలి. పంపేవాడి మీద బలవంతం లేదు, తన ఊరికి కష్టమైతే కుదరదని చెప్పొచ్చు. వెళ్లిన మనిషి జీతం, దెబ్బ తగిలితే బీమా, ఇవన్నీ పంపినవాడే ముందు చూసుకుని తర్వాత బిల్లు పెడతాడు. అంతే. బలవంతం లేదన్న ముక్కే నాకు నచ్చింది. మామకు నచ్చలేదు.

“కాదనే హక్కు పెట్టాక ఇంక ఒప్పందం దేనికి?”

“అవునన్నప్పుడు మర్నాడు డబ్బు దగ్గర కొట్టుకోకుండా ఉండటానికి. సాయం చేసినవాడు బిల్లు పట్టుకుని ఆర్నెల్లు తిరిగాడనుకో, రెండోసారి వస్తాడా? ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లు మన దగ్గర తక్కువా?”

మామ ఈసారి నవ్వాడు. ఆ నవ్వులో ఏవో పాత బిల్లులున్నాయి.

గొట్టాల మూతుల కథ విన్నాక ఆయనకూ ఒకటి గుర్తొచ్చింది. చెప్పనా వద్దా అని కాసేపు నానబెట్టి చెప్పాడు. అది చెప్పే ముందు ఈ కరకట్ట సంగతి కొంచెం చెప్పుకోవాలి, లేకపోతే కొత్తవాళ్లకు అర్థం కాదు.

1986 ఆగస్టు 16న గోదావరి ఇక్కడ 75.6 అడుగులకు వచ్చింది. ఇప్పటికీ అదే రికార్డు. ఆ వరద తర్వాత కట్టిందే ఈ కట్ట. కట్ట ఏరుని ఆపుతుంది. కానీ ఊరి వాన నీళ్లూ మురుగూ ఏట్లోకి పోవాల్సిందీ ఆ కట్ట కింద ఉన్న తూముల గుండానే. గోదావరి పెరిగితే తూము తలుపులు దించాలి. దించకపోతే ఏరే వెనక్కి తన్నుకుని ఊళ్లోకి వస్తుంది. దించితే ఊరి నీళ్లు ఊళ్లోనే ఉంటాయి. అప్పుడు వాటిని మోటార్లతో ఎత్తి కట్ట అవతల పొయ్యాలి. పై నుంచి వాన పడుతూ ఉంటే, మోటారు ఒక గంట ఆగినా అన్నదాన సత్రం దగ్గర, విస్తా కాంప్లెక్సు దగ్గర నీళ్లు నిలుస్తాయి. ఆ నీళ్లలో ఉండేది గోదావరి కాదు, మన మురుగే. ఇళ్లలో సెప్టిక్ ట్యాంకులు నిండి ఆ నీళ్లలోనే కలుస్తాయి. భద్రాచలం అంటే అందరికీ గోదావరి వరదే గుర్తొస్తుంది గానీ, ఇక్కడి ఇల్లాళ్లను అడిగితే ముందు ఈ నల్ల నీళ్ల గురించే చెబుతారు.

“2022లో నన్ను ఇంటికొచ్చి పిలుచుకుపోయారు,” అన్నాడు మామ. “రిటైరై నాలుగేళ్లయినా. వేరే ఊరి నుంచి డీజిల్ పంపుసెట్టు వచ్చింది. ఆ ఊరి పేరెందుకులే, పాపం, వాళ్లు మంచికే వచ్చారు. మాదీ నాలుగంగుళాల పైపే, వాళ్లదీ నాలుగంగుళాలే. ఇంకేం, బిగించెయ్ అనుకున్నాం. బిగిద్దామని పైపు చివర బోల్టులేసే ఫ్లాంజి పక్కన ఫ్లాంజి పెడితే మాది నాలుగు బోల్టుల రంధ్రాలు, వాళ్లది ఎనిమిది. ఒక్కటి కూడా ఒకదాని ఎదురుగా ఒకటి రాదు.”

“మరేం చేశారు?”

“సైకిల్ ట్యూబు చుట్టి ఇనప తీగతో కట్టాం. నీళ్లు బయటికి పోసే పైపైతే అట్లా నడుస్తది, కాస్త కారినా ఫర్లేదు. ఇది నీళ్లు పీల్చే పైపు. వెంట్రుకంత సందున్నా గాలి పీలుస్తది. గాలి పట్టిందంటే మోటారు ఎంత అరిచినా నీళ్లెత్తదు. రాత్రి తొమ్మిది నుంచి రెండింటిదాకా అది అరుస్తనే ఉంది, మోకాళ్ల లోతు నీళ్లు నడుముల్దాకా వచ్చినయ్. వెల్డింగు షాపుకి పోదామంటే కరెంటు లేదు. చివరికి ఒక గ్యాస్ కట్టరోడు దొరికి, తెల్లారుజామున ఫ్లాంజికి కొత్తగా నాలుగు రంధ్రాలు కోశాడు.”

అల్లుడి మొహం వెలిగిపోయింది. “మామా, నా ముసాయిదాకి ఇదే కదా కారణం!”

“కాదురా. ఆ రాత్రి ఆ గ్యాస్ కట్టరోణ్ణి తెచ్చింది ఏ ముసాయిదా? వాడి తమ్ముడు నా దగ్గర హెల్పరుగా చేశాడు, అందుకొచ్చాడు.”

ఒకే సంఘటన. ఇద్దరికీ అది చెరొక సాక్ష్యం. నాకైతే ఇద్దరూ నిజమే చెబుతున్నట్టు తోచింది, ఆ మాట పైకి అంటే ఇద్దరూ నా మీద పడతారని ఊరుకున్నాను.

మామ అంతటితో ఆగలేదు. కలెక్టరుకు చట్టం ఉందన్నాడు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టంలో 65వ సెక్షను ప్రకారం బండి కావాలన్నా, మిషను కావాలన్నా జిల్లా యంత్రాంగం ఆర్డరేసి తీసుకోవచ్చు. పరిహారం తర్వాత ఇవ్వొచ్చు. కొత్తగా నీ నాలుగు పేజీలు దేనికి?

దానికి అల్లుడిచ్చిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఎందుకంటే ఆ ప్రాంతం బొమ్మ మొత్తం అందులో ఉంది.

“1986లో నువ్వు సర్వీసులో ఉన్నావు కదా. అప్పుడు ఖమ్మం నుంచి కూనవరం దాకా ఒకటే జిల్లా, ఒకడే కలెక్టరు. శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటు కూడా ఆయన చేతిలోనే. 2014లో పోలవరం కోసమని కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం, అన్నీ ఆంధ్రకు పోయినయ్. ఊరికి ఆనుకుని ఉన్న ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు కూడా పోయినయ్. 2016లో ఖమ్మమూ కొత్తగూడెమూ రెండు జిల్లాలైనయ్. ఇప్పుడు మీ కలెక్టరు 65వ సెక్షను కింద ఆర్డరేస్తే ఖమ్మంలో ఉన్న జెట్టింగ్ మిషను కదలదు. ఎటపాకలో ట్యాంకరు అసలే కదలదు. గుడి నుంచి ఎటపాకకు నడిచిపోవచ్చు మామా! అక్కడి ట్యాంకరు ఇక్కడికి రావాలంటే హైదరాబాదూ అమరావతీ మాట్లాడుకోవాలి.”

“రోజూ ఊడ్చే చెత్త వెయ్యడానికే చోటు లేదు,” అన్నాడు మామ, కొంచెం మెత్తబడి. “ఊరు ఇటు, ఊరి చుట్టూ భూమి అటు. చెత్త లారీ ఎక్కడికి పోవాలో తెలీక ఏటి ఒడ్డున దింపుకుంటున్నారు. దుమ్ముగూడెం పోవాలన్నా మధ్యలో ఆంధ్ర తగుల్తది.”

“అదే కదా నేనంటున్నది.”

“ఏంది నువ్వంటున్నది? నేను చెప్పేది విను. పెద్దవాగు ప్రాజెక్టు చూశావా, అశ్వారావుపేట దగ్గర? కట్ట ఇక్కడుంది, ఆయకట్టు ఎక్కువ భాగం ఆంధ్రలోకి పోయింది. దానికి గోదావరి బోర్డుంది, మీటింగులున్నయ్, వాటాలున్నయ్. నువ్వడిగిన కాయితాలన్నీ ఉన్నయ్. రిపేరుకు డబ్బులు ఎవరు పెట్టాలన్న దగ్గరే ఆగింది. 2024 జులైలో కట్ట తెగి కింద పొలాలన్నీ ఇసుకమేటలైనయ్, జనాన్ని హెలికాప్టర్ల మీద తెచ్చారు. రెండు రాష్ట్రాలు కాయితం రాసుకుంటే జరిగేది అదిరా.”

వాదనలో మామ గెలిచిన ఘట్టాలు రెండున్నాయనుకుంటే, ఇది మొదటిది. అల్లుడు సమాధానం చెప్పాడు గానీ అందులో పట్టు తక్కువగా ఉంది. ఆ కాయితం పైవాళ్ల మధ్య రాసుకున్నది, నేనడిగేది స్టోరు రూములకీ స్టోరు రూములకీ మధ్య అన్నాడు. కరెంటువాళ్లను చూడమన్నాడు. 2019 మేలో ఫణి తుపాను ఒడిశాను పడగొట్టినప్పుడు ఆంధ్ర విద్యుత్ సంస్థల నుంచి సిబ్బంది తాళ్లూ నిచ్చెనలూ పట్టుకుని సరిహద్దు దాటి వెళ్లి స్తంభాలు నిలబెట్టారు కదా, వాళ్లకు కుదిరింది నీళ్లవాళ్లకు ఎందుకు కుదరదన్నాడు.

“కరెంటు స్తంభం కళ్లకు కనబడుతుందిరా,” అన్నాడు మామ. “తీగ తెగిందంటే ఎక్కడ తెగిందో పైకి చూస్తే తెలుస్తది. నీళ్ల పైపు భూమిలో ఉంటది. ఎవడో వచ్చి మా ఊరి నీళ్లు వదుల్తానంటే ఎట్లా వదుల్తాడు? ఏ వాల్వు ఎక్కడుందో వాడికేం తెలుసు? ఆ మూల మీద ఒక గేటు వాల్వుంది. పైన సీసీ రోడ్డేసినప్పుడు ఛాంబరు మూసేశారు. కల్వర్టు గోడ నుంచి ఏడడుగులు కొలిచి పలుగు దించితే మూతకు ఠంగుమని తగుల్తది. అది కట్టకుండా కింది వీధికి నీళ్లు వదిలావో, మురుగు కలిసిన నీళ్లు పై వీధికి కూడా పోతయ్. ఇది ఏ కాయితంలో ఉంది?”

“ఎక్కడా లేదా?”

“లేదు.”

“మరి ఎవరికి తెలుసు?”

మామ తన తల మీద వేలు పెట్టి చూపించాడు. చూపించాక ఆ వేలు అక్కడే కాసేపు ఆగిపోయింది. 2018లో రిటైరైన మనిషి. 2022లో ఇంటికొచ్చి ఎందుకు పిలుచుకుపోయారో ఆ క్షణంలో ముగ్గురికీ ఒకేసారి తట్టింది. అల్లుడు పెద్దమనిషి తరహాలో ఏమీ అనలేదు. ఇంకో టీ చెప్పాడు.

టీ వచ్చాక మాట కాస్త పక్కదారి పట్టింది. పట్టడమే మంచిదైంది. అమెరికాలో టెక్సస్‌లో బ్యూమాంట్ అనే ఊరుంది. 2017 ఆగస్టు నెలాఖరున హార్వీ తుపానులో నది పొంగి ఆ ఊరి పంపులు మునిగిపోయాయి. లక్షకు పైగా జనానికి కుళాయిలో చుక్క లేదు. ఆసుపత్రి రోగులను వేరే ఊళ్లకు తరలించారు. అప్పుడు ఆదుకున్నవాళ్లలో దగ్గర్లోని చమురు శుద్ధి కర్మాగారాల ఇంజనీర్లు కూడా ఉన్నారు. పెద్ద పంపులు తెచ్చి నది ఒడ్డున పెట్టి, తాత్కాలికంగా నీళ్లు ఎత్తిపోసే ఏర్పాటు చేశారు. అల్లుడు ఈ సంగతి చెబుతుంటే నేను సారపాక పొగగొట్టం వైపే చూస్తున్నాను. పేపరు మిల్లు ఆ ఒడ్డునే ఉంది. పైన అశ్వాపురంలో హెవీ వాటర్ ప్లాంటు, మణుగూరులో కరెంటు ప్లాంటు. కొత్తగూడెం, మణుగూరు, ఇల్లెందు సింగరేణి ఓపెన్‌కాస్టుల్లో వానాకాలమంతా నీళ్లు తోడుతూనే ఉంటారు, తోడకపోతే బొగ్గు బయటికి రాదు. 2025 ఫిబ్రవరిలో శ్రీశైలం ఎడమగట్టు కాలవ (ఎస్సెల్బీసీ) సొరంగం కూలినప్పుడు సింగరేణి రెస్క్యూ వాళ్లనే పిలిపించారు. నీళ్లు ఎత్తడం బతుకుదెరువైన మనుషులు ఈ అడవి అంచున ఇంతమంది ఉన్నారు. వాళ్ల దగ్గర ఏ సైజు పంపులున్నాయో, ఫ్లాంజికి రంధ్రాలెన్నో భద్రాచలంలో ఎవరి దగ్గరా ఒక్క పేజీలో లేదు.

“సింగరేణోళ్లను అడిగితే ఇస్తారు,” అన్నాడు మామ.

“ఇస్తారు. వంతెన మీద రానివ్వాలి కదా. 2022లో వంతెన మూసేశారు.”

అవును. 1986 తర్వాత మళ్లీ 2022లోనే గోదావరి వంతెన మీద రాకపోకలు పూర్తిగా ఆపారు. ఆ రెండు రోజులూ భద్రాచలానికి ఖమ్మం లేదు, కొత్తగూడెం లేదు, సింగరేణీ లేదు. ఈ ఒడ్డున కింది వైపు ఉన్నది ఆంధ్ర మండలాలు. శబరి ఎగదన్ని వాటిలో సగం అప్పటికే నీళ్లలో ఉన్నాయి.

అల్లుడి ముసాయిదాలో నాకు బాగా నచ్చిన పేజీ ఇక్కడే వచ్చింది. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ లెక్కలు ఇక్కడ పిల్లలకు కూడా నోటికొచ్చు. అల్లుడు వాటికే పనులు కట్టాడు. 43కి ఫోను. 48కి లారీలో ఎక్కించడం. 53 వచ్చేసరికి లారీ వంతెన దాటి ఇవతల ఉండాలి. ఎవరి ఆర్డరూ అక్కర్లేదు, ఏరే ఆర్డరిస్తుంది. నీళ్లు రాకపోతే లారీ తిరిగి పోతుంది, డీజిల్ దండగ. ఆ దండగను ఎవరూ ఆడిటులో ప్రశ్నించకూడదని కూడా ఒక వాక్యం రాసుకున్నాడు. మున్నేరుకు మాత్రం ఈ పప్పులుడకవు. అక్కడ హెచ్చరికలు 16 అడుగులకూ 24 అడుగులకూ ఉన్నా, రెంటికీ మధ్య టీ తాగే టైము కూడా దొరకదు. అక్కడికి సామాను వానాకాలం మొదట్లోనే చేర్చి పెట్టాలి.

మామ ఆ పేజీని రెండుసార్లు చదివించుకున్నాడు. “ఇది బాగుంది,” అన్నాడు. అల్లుడు సంబరపడేలోపే, “మనుషుల పేజీ ఏదిరా?” అన్నాడు.

“ఉంది కదా. జీతం పంపినవాడిది, బత్తా అడిగినవాడిది.”

“ఎవరి జీతం? పర్మినెంటోడిదా? వచ్చేది వాడా?”

ఇక్కడ మామ గొంతు మారింది. ఇది ఆయన రెండోసారి గెలిచిన ఘట్టం. మోటార్ల మీద, వాల్వుల మీద వాదించినంతసేపూ ఆయనకు సరదాగానే ఉంది. ఇది సరదా కాదు.

“వరదకు వచ్చేది ఇంజనీరు కాదు, నువ్వు కాదు. రోజుకూలి మీద, ఔట్‌సోర్సింగు మీద ఉన్న పిల్లలు. బురద ఎత్తేది వాళ్లు, బ్లీచింగు చల్లేది వాళ్లు, పొంగిన కాలవలో చెయ్యి పెట్టేది వాళ్లు. వాళ్లనెవడూ వస్తారా అని అడగడు. పొద్దున హాజరుకొస్తే బస్సెక్కమంటారు. మొన్నటి వరదలో ఒకూరి నుంచి వచ్చిన పిల్లలు స్కూలు వరండాలో పడుకున్నారు, మార్చుకునే బట్టల్లేక తడి బట్టలతో. ఒకడి కాలికి రేకు గీరుకుంది. టీటీ సూది ఎవరేయించాలన్నది తేలడానికి సాయంత్రమైంది. వాణ్ణి పంపిన కాంట్రాక్టరు ‘డ్యూటీ మా ఊళ్లో కాదు కదా’ అన్నాడు. మీ అమెరికాలో పంపేవాడికి కాదనే హక్కుందన్నావు. ఆ పిల్లోడికి ఉందా?”

అల్లుడు పేజీలు తిప్పాడు. బీమా అన్న మాట ఉంది. ఎవరికి అన్నది లేదు. రక్షణ సామాను లేకుండా సెప్టిక్ ట్యాంకుల్లోకి, డ్రైనేజీల్లోకి మనిషిని దించకూడదని 2013లోనే చట్టమొచ్చింది. ఆ మాట కూడా ముసాయిదాలో లేదు. ‘చట్టంలో ఉంది కదా అని రాయలేదు’ అన్నాడు. అర్ధరాత్రి వానలో ఊరుగాని ఊళ్లో చట్టం ఎవరికి గుర్తుంటుందన్నాడు మామ. అల్లుడు జేబులోంచి పెన్ను తీసి, మొదటి పేజీ పైన, శీర్షికకూ మొదటి షరతుకూ మధ్య ఉన్న ఖాళీలో ఏదో రాశాడు. నేను తొంగి చూశాను. ‘మనిషి దిగడు’ అని ఉంది. కింద, ‘కాంట్రాక్టు వాళ్లకు కూడా’ అని రాసి రెండుసార్లు గీత కొట్టాడు.

“బ్లీచింగు సంగతి కూడా రాయి,” అన్నాడు మామ. ఎప్పుడు పక్షం మార్చాడో ఆయనే గమనించినట్టు లేదు. “సాయమొస్తే బస్తాల లెక్కన వస్తది. యాభై బస్తాలు పంపాం అని పేపర్లో ఫొటో. మూట విప్పితే గడ్డకట్టి సున్నపురాయిలా ఉంటది. చెమ్మ తగిలిన బ్లీచింగులో మందేముంటది? వాసన చూస్తే ముక్కు మండాలి. మండలేదంటే అది ముగ్గుపిండే. కుళాయి నీళ్లు గాజు గొట్టంలో పట్టి మందు చుక్కలేస్తే పసుపు రావాలి, రాలేదంటే ఆ నీళ్లలో క్లోరిన్ లేదు. బస్తాలు లెక్కపెట్టొద్దు, పసుపు చూడమని రాయి.”

అల్లుడు రాశాడు.

“ఇంతకీ ఒప్పుకున్నట్టేనా మామా?”

“దేనికి?”

“కాయితానికి.”

“నేనెక్కడ ఒప్పుకున్నా? చేబదులు చేబదులే. నువ్వు రాసేది గుర్తుకోసం రాసుకునే చిట్టీ. చిట్టీ వేరు, ప్రోనోటు వేరు.”

టీ కొట్టతను బల్లలు లోపల పెట్టుకుంటున్నాడు. అల్లుడు లేచి, ఆ ఫ్లాంజి ఒకసారి చూద్దాం అన్నాడు. ముగ్గురం కట్ట దిగి తూము దగ్గరికి నడిచాం. ఫోను లైటు వేసి చూశాం. తుప్పు మీద తుప్పు, దాని మీద పాత రంగు. మామ లుంగీ చెంగుతో తుడిచి రంధ్రాలు లెక్కపెట్టాడు. నాలుగే. గ్యాస్ కట్టరు కోసిన నాలుగు రంధ్రాల ఫ్లాంజి ఏమైందని అడిగితే, అది వచ్చినవాళ్ల పైపుది, వాళ్లతోనే తిరిగి పోయిందన్నాడు మామ. అంటే మళ్లీ ఎవరన్నా ఎనిమిది రంధ్రాల పైపుతో వస్తే కథ మొదటికే.

అల్లుడు అక్కడికక్కడే తన ఆఫీసు స్టోరు కీపరుకు ఫోన్ చేశాడు. స్పీకరు పెట్టాడు, మాకు వినబడాలని. మన నాలుగంగుళాల సక్షన్ పైపు ఫ్లాంజికి బోల్టు రంధ్రాలెన్నో రేపు పొద్దున చూసి చెప్పమన్నాడు.

అవతల కాసేపు నిశ్శబ్దం. ఎక్కడో టీవీలో సీరియల్ మోత.

“చూస్తాను సార్,” అన్నాడు స్టోరు కీపరు. “కాకపోతే, దీనికి పైనుంచి కాయితమేమన్నా వచ్చిందా సార్?”

మామ నవ్వు కట్ట అవతలిదాకా వినబడి ఉంటుంది.